నిండేదాకా ఆగని బస్సు: బొగొటా నగరంలో ఒక పుష్కరం

అందరికీ నమస్కారం. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా లోపలికి రండి, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

బస్సు రూట్లు, టైమ్‌టేబుళ్ళు వేసే పనిలో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాను. ఒక నగరం తన బస్సులను పదేళ్ళలో ఎలా పెంచుకుందో చెప్పమని ఈ సభవాళ్ళు అడిగారు. నేను బొగొటాను ఎంచుకున్నాను. కొలంబియా రాజధాని. ఆండీస్ కొండల మధ్య, సముద్ర మట్టానికి దాదాపు 2,600 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. 2000 నాటికే జనాభా అరవై లక్షలు దాటింది. మెట్రో లేదు. అంత జనమూ పొద్దున్నే పనికి పోవాలంటే బస్సే దిక్కు. అక్కడ 2000 నుంచి 2012 వరకు, అంటే సరిగ్గా ఒక పుష్కరంలో ఏం జరిగిందో చెబుతాను. బాగుపడిన సంగతీ చెబుతాను, చెడిన సంగతీ చెబుతాను. రెండింటికీ మూలం ఒక్కటేనని నా నమ్మకం. బస్సు నడిపేవాడికి డబ్బు ఏ దారిన వస్తుందో, బస్సు ఆ దారినే నడుస్తుంది.

ముందు 1990ల్లోకి వెళ్దాం. మీరు బొగొటాలో బుసెటా డ్రైవర్ అనుకోండి. బుసెటా అంటే చిన్న సైజు సిటీ బస్సు. ఆ బస్సు మీది కాదు, ఓనర్ వేరే. పోనీ ఓనర్‌కైనా రూటు ఉందా అంటే అదీ లేదు. రూటు పర్మిట్ ఒక కంపెనీ చేతిలో ఉంటుంది. కంపెనీకి సొంత బస్సులు ఉండక్కర్లేదు. ఓనర్ అప్పో సప్పో చేసి బస్సు కొని, కంపెనీకి డబ్బు కట్టి, ఆ రూటులో తిప్పుకుంటాడు. ఎన్ని బస్సులు తన పేరు మీద తిరిగితే కంపెనీకి అంత రాబడి. దాంతో రోడ్డు మీద జాగా ఉన్నా లేకపోయినా బస్సులు పెరుగుతూనే పోయాయి. 20,000 దాటాయి. ఇక మీకు జీతం అంటూ లేదు. ఎక్కిన మనిషికి ఇంత అని లెక్క. ఎక్కితే ఉంది, ఎక్కకపోతే లేదు.

ఇప్పుడు మీరేం చేస్తారు? ముందు బస్సును దాటేయాలని చూస్తారు. చెయ్యెత్తిన మనిషి కనబడితే, మీ బస్సు మూడో లేన్‌లో ఉన్నా అక్కడే బ్రేకు కొడతారు. జనం ఉన్న మూల మీద నిండేదాకా కదలరు. లోపల కూర్చున్నవాళ్ళు ఆలస్యమవుతోందని గొణుగుతుంటే వినిపించనట్టు ఉంటారు, ఎందుకంటే వాళ్ళు ఎప్పుడో డబ్బులిచ్చేశారు. కండక్టర్ ఉండడు. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో చిల్లర. ముందు తలుపు దగ్గర తిరిగే ఇనప గేటు ఒకటి ఉంటుంది, మనుషుల్ని లెక్కపెట్టడానికి. సాయంత్రం ఓనర్ ఆ అంకె చూసి కలెక్షన్ అడుగుతాడు. అందుకని వెనక తలుపు తీసి కొందర్ని ఎక్కించుకోవడమూ ఉండేది. ఆ వెనకాల ఎక్కిన మనిషి డబ్బులు చేతులు మారుతూ ముందుకు వచ్చేవి, చిల్లర మళ్ళీ అదే దారిన వెనక్కి పోయేది.

ఆ రోజుల్లో పుట్టిన ఇంకో ఉద్యోగం గురించి చెప్పాలి. దాన్ని కాలిబ్రదోర్ అంటారు. ఒక మనిషి కూడలి దగ్గర కాగితం, పెన్ను, చేతి గడియారంతో నిలబడతాడు. ఏ రూటు బస్సు ఎన్ని గంటలకు దాటిందో రాసుకుంటాడు. మీ బస్సు రాగానే కిటికీ దగ్గరకు పరుగెత్తుకొచ్చి, నీ ముందువాడు ఇన్ని నిమిషాల కింద వెళ్ళాడు అని అరుస్తాడు. మీరు ఒక నాణెం విసురుతారు. ముందువాడు ఇప్పుడే వెళ్ళాడంటే ముందు స్టాపులో జనం ఉండరు, కాబట్టి నెమ్మదిగా పోవాలి, లేదా వాణ్ణి దాటేయాలి. వెళ్ళి చాలాసేపయిందంటే జనం పోగై ఉంటారు, వెనకవాడు రాకముందే అందుకోవాలి. టైమ్‌టేబుల్ వేసే పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, ఆ మనిషి చేస్తున్నది నా పనే. బస్సుల మధ్య ఎడం చూడటం, దాన్ని డ్రైవర్‌కి చెప్పడం. కాకపోతే నగరం ఏర్పాటు చేయాల్సిన పనిని ఒక పేదవాడు రోడ్డు మీద నాణేల కోసం చేస్తున్నాడు. అదీ బస్సులు సమానమైన ఎడంలో నడవడానికి కాదు, ఒకదాన్నొకటి వేటాడుకోవడానికి.

ఈ మొత్తానికి బొగొటా జనం పెట్టుకున్న పేరు గెర్రా దెల్ సెంతావో. సెంతావో అంటే వాళ్ళ డబ్బులో అతి చిన్న నాణెం. మన మాటల్లో చిల్లర యుద్ధం అనుకోవచ్చు. యుద్ధం అన్న మాట ఊరికే పడలేదు. ఆ పరుగులో మనుషులు చనిపోయేవారు.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు. బస్సులకు విడిగా లేన్ ఇస్తే సరిపోయేది కదా అని. ఇచ్చారు. అవెనీదా కరాకాస్ అని ఊరి మధ్యగా పోయే పెద్ద రోడ్డు ఉంది. 1990 ప్రాంతంలో దాని మధ్యలో బస్సుల కోసమే లేన్లు వేశారు. ఏమైంది? అవే బస్సులు, అవే ఓనర్లు, అదే కమీషన్. యుద్ధం రోడ్డంతా జరిగే బదులు ఆ రెండు లేన్లలోకి వచ్చి చేరింది. బస్సు వెనక బస్సు, పొగ, తోపులాట, జేబుదొంగలు. ఆ రోడ్డు పక్కన నడవడానికే జనం భయపడేవారు. నా విద్యార్థులకు నేను ఎప్పుడూ ఈ కరాకాస్ రోడ్డు కథే ముందు చెబుతాను. కాంక్రీటు పోయడం తేలిక. కాగితం మీద ఒప్పందం మార్చడమే కష్టం.

1998 జనవరిలో ఎన్రికె పెన్యలోసా మేయర్ అయ్యాడు. అక్కడ మేయర్ పదవి అప్పట్లో మూడేళ్ళు, వెంటనే రెండోసారి పోటీ చేయడానికి లేదు. అంటే 2000 డిసెంబర్ 31తో సరి. బల్ల మీద మెట్రో ప్రతిపాదన ఉంది, కార్ల కోసం పైన రోడ్లు కట్టాలన్న ప్రతిపాదనా ఉంది. ఆయన రెండూ పక్కన పెట్టి బస్సు వైపు మొగ్గాడు. దారి చూపింది బ్రెజిల్‌లోని కురిచీబా. అక్కడ జైమె లెర్నర్ మేయర్‌గా ఉన్న రోజుల్లో, 1974 నుంచే, బస్సులకు విడి దారులు వేసి నడుపుతున్నారు. 1991లో గాజు గొట్టాల్లాంటి స్టేషన్లు కట్టారు, మనిషి ముందే టికెట్ తీసుకుని లోపల నిలబడతాడు, బస్సు వచ్చి ఆగితే నేరుగా అదే ఎత్తులో లోపలికి అడుగు వేస్తాడు.

బొగొటా దాన్ని తీసుకుని ఒక పెద్ద మార్పు చేసింది. స్టేషన్ దగ్గర రెండో లేన్ పెట్టింది. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. కురిచీబాలో ముందు బస్సు ఆగితే వెనక బస్సు ఆగాల్సిందే. బొగొటాలో ఎక్స్‌ప్రెస్ బస్సు పక్క లేన్‌లోంచి దాటి వెళ్ళిపోతుంది. అన్ని చోట్లా ఆగే బస్సులు, కొన్ని చోట్లే ఆగే బస్సులు ఒకే దారిలో కలిసి నడుస్తాయి. ఒకే స్టేషన్‌లో మూడు నాలుగు చోట్ల బస్సులు ఒకేసారి ఆగగలవు. ఆ ఒక్క మార్పుతో కరాకాస్ మీద రద్దీ గంటలో ఒక వైపుకు 40,000కు పైగా జనాన్ని మోయగలిగారు. మెట్రో రైళ్ళే మోయగలవని మేము కాలేజీలో చదువుకున్న అంకెలు అవి. బస్సు వల్ల కాదు అని పుస్తకాల్లో ఉండేది.

కానీ నేను చెప్పదలచుకున్నది లేన్ గురించి కాదు, ఒప్పందం గురించి. దీన్ని కాస్త నిదానంగా చెబుతాను.

1999 అక్టోబర్‌లో నగరం త్రాన్స్‌మిలేనియో అనే కంపెనీని పెట్టింది. ఆ కంపెనీ బస్సులు కొనదు, డ్రైవర్లను పెట్టుకోదు. అది చేసేది ఏ బస్సు ఎప్పుడు ఎక్కడ నడవాలో నిర్ణయించడం, నడిచిందో లేదో చూడటం. బస్సులు కొని నడిపేది ప్రైవేటు సంస్థలు, టెండర్లో గెలిచినవి. టికెట్ డబ్బు వసూలు చేసేది ఇంకో సంస్థ. వసూలైన డబ్బంతా ఒక ట్రస్టు ఖాతాలో పడుతుంది. అక్కడి నుంచి పంచుతారు. బస్సు నడిపే సంస్థకు డబ్బు ఎలా వస్తుంది? పెద్ద రోడ్ల మీద నడిచే బస్సులకు కిలోమీటరుకు ఇంత. ఎంతమంది ఎక్కారన్నది కాదు, చెప్పిన టైముకి చెప్పినన్ని కిలోమీటర్లు నడిపావా లేదా. స్టేషన్‌లో ఆగకుండా పోతే జరిమానా. తలుపు తీయకపోతే జరిమానా. బస్సు మురికిగా ఉంటే జరిమానా. ఆ జరిమానా డబ్బు నగరం జేబులోకి పోదు, ఒక నిధిలో చేరి, అందరికన్నా బాగా నడిపిన సంస్థకు వెళుతుంది. ఒకడి తప్పు ఇంకొకడి బోనస్ అన్నమాట. అందుకని సంస్థలే తమ డ్రైవర్ల మీద కన్నేసి ఉంచడం మొదలుపెట్టాయి.

డ్రైవర్‌కి నెల జీతం వచ్చింది. పని గంటలు వచ్చాయి. చేతిలో చిల్లర లేదు. ముందున్న బస్సు వాడికి శత్రువు కాదు. ఆ బస్సు ఎంత దూరంలో ఉందో కంట్రోల్ రూమ్‌లో తెర మీద కనిపిస్తుంది, నెమ్మదించమనో కదలమనో అక్కడి నుంచి చెబుతారు. కూడలి మీద కాగితం పట్టుకున్న కాలిబ్రదోర్ పని కంట్రోల్ రూమ్‌లోకి చేరింది.

పాత ఓనర్లు ఊరుకున్నారా? సమ్మెకు దిగారు, రోడ్లు బంద్ చేస్తామన్నారు. నగరం వాళ్ళను పూర్తిగా గెంటేయలేదు. టెండర్లో పాల్గొనాలంటే బొగొటాలో బస్సులు నడిపిన అనుభవం ఉన్నవాళ్ళను కలుపుకోవాలని షరతు పెట్టింది. నిన్నటి దాకా ఒకరి గొంతు ఒకరు పట్టుకున్న కంపెనీలు కలిసి కొత్త సంస్థలుగా వచ్చాయి. ఇది తెలివైన పని అని నేను ఇప్పటికీ అంటాను. అయితే చిన్న ఓనర్‌కి, ఒకే బస్సు మీద ఇల్లు గడుపుకునేవాడికి, మొదటి దశలో చోటు దక్కలేదు. లాభాలు కొద్దిమంది చేతుల్లోకి పోయాయి. రెండో దశ టెండర్లలో చిన్న ఓనర్లకు వాటా ఇస్తే మార్కులు కలుపుతామని నియమం పెట్టారు గానీ, అప్పటికే ఆ కోపం ఊళ్ళో పాతుకుపోయింది.

2000 డిసెంబర్ 18న మొదటి బస్సులు కదిలాయి. పెన్యలోసా పదవి దిగడానికి ఇంకా పదమూడు రోజులుంది. ఎర్రరంగు బస్సులు, మధ్యలో మడత, 160 మంది పట్టేవి. మన మాటల్లో ఎర్రబస్సు ఎక్కి వచ్చాడంటే చిన్నచూపు. బొగొటాలో ఆ ఎర్రబస్సులో సూటు వేసుకున్న ఆఫీసు మనిషి, ఇళ్ళు తుడవడానికి పోయే ఆడమనిషి పక్కపక్కన నిలబడ్డారు. కొన్నేళ్ళ పాటు ఆ ఊరి జనం దాన్ని చూసి గర్వపడ్డారు, బయటి నుంచి వచ్చిన చుట్టాలను తీసుకెళ్ళి ఎక్కించేవారు.

ఇక ఊరి అంచున ఉన్న పేదవాళ్ళ సంగతి. బొగొటాలో దక్షిణాన కొండల మీద, ఉస్మె వైపు, సియుదాద్ బొలీవర్ వైపు, పేదవాళ్ళ ఇళ్ళు. పెద్ద బస్సు అక్కడికి ఎక్కలేదు. పెద్ద రోడ్డు చివర పోర్తాల్ అని టెర్మినల్ కట్టారు. కొండ మీది నుంచి పోర్తాల్‌కి ఆకుపచ్చ ఫీడర్ బస్సులు. ఫీడర్‌కి విడిగా టికెట్ లేదు. ఒకే ఛార్జీతో కొండ దిగి, ఎర్రబస్సు మారి, ఊరి అవతలి చివరకు పోవచ్చు. ఇంతకు ముందు రెండు బస్సులు మారితే రెండు టికెట్లు. దూరంగా ఉన్నవాడే పేదవాడు, వాడికే ఖర్చెక్కువ. ఆ లెక్క తిరగబడింది. నా దృష్టిలో ఆ వ్యవస్థ చేసిన అతి పెద్ద న్యాయం ఇది. బయటి నుంచి వచ్చిన ప్రతినిధులు ఎర్రబస్సుకు ఫోటోలు తీసుకుని వెళతారు, ఆకుపచ్చ బస్సును ఎవరూ పట్టించుకోరు.

తర్వాత వచ్చిన మేయర్ అంతానస్ మోకస్. రోడ్డు దాటడంలో మర్యాద నేర్పడానికి 1990ల్లో కూడళ్ళలో మూకాభినయం చేసే నటులను దింపిన మనిషి ఆయనే. ఆయనకు పెన్యలోసాకు పోలికే లేదు. అయినా ముందువాడి పథకం కదా అని మూలన పడేయలేదు, రెండో దశ మొదలుపెట్టాడు. అమెరికాస్ రోడ్డు 2003లో, ఎన్‌క్యూఎస్ అనే రోడ్డు 2005లో, సూబా రోడ్డు 2006లో తెరుచుకున్నాయి. ఆ చివరి రెండూ పూర్తయ్యేసరికి కుర్చీలో ఉన్నది లూయిస్ ఎదువార్దో గార్సోన్, వామపక్షం మనిషి. ముగ్గురు మేయర్లు, మూడు దారులు, ఒకే బస్సు. 2006 నాటికి 84 కిలోమీటర్ల దారి, 114 స్టేషన్లు. కరాకాస్ మీద, కాయె 80 రోడ్డు మీద గంటకు 12 నుంచి 18 కిలోమీటర్ల వేగంతో పాకిన బస్సులు ఇప్పుడు 26 దాకా అందుకున్నాయి. రోజుకు పది లక్షలు, తర్వాత పదిహేను లక్షల మంది.

డబ్బు ఎక్కడిదంటే, మొదటి దశకు పెట్రోలు మీద వేసిన సర్‌చార్జీలోంచి పెద్ద వాటా వచ్చింది. కారు తోలేవాడు నింపుకున్న ప్రతిసారీ బస్సు దారికి కొంత ఇచ్చాడు. తర్వాతి దశలకు కేంద్ర ప్రభుత్వం మూడింట రెండొంతులు భరించింది.

తప్పులూ జరిగాయి. హడావిడిగా వేసిన కాంక్రీటు పలకలు, కరాకాస్ మీద, ఉత్తరం వైపు హైవే మీద, ఒకటి రెండేళ్ళకే పగలడం మొదలుపెట్టాయి. పలక కింద పోసిన పదార్థం బరువు ఆపలేకపోయింది. మూడేళ్ళలో కట్టామని చెప్పుకున్నారు, ఆ పలకలు మార్చడానికి ఏళ్ళు పట్టింది, ఖర్చు ప్రజల మీదే పడింది. పాత బస్సుల లెక్క కూడా అంతే. ఒక కొత్త పెద్ద బస్సు రోడ్డెక్కాలంటే ఇన్ని పాత బస్సులను తుక్కు చేయాలని నియమం. మొదటి దశలో రెండు మూడు, రెండో దశకు ఏడు దాకా. కాగితం మీద బాగుంది. పెద్ద రోడ్ల నుంచి తరిమేసిన పాత బస్సుల్లో చాలా వాటిని తుక్కు చేయలేదు, అవి పక్క రోడ్లకు మారాయి. ఆ రోడ్ల మీద చిల్లర యుద్ధం ఇంకా ముదిరింది. ఒక వీధిలో ఆగిన యుద్ధం పక్క వీధిలో పెరిగింది. నగరం జనంలో ఎక్కువమంది అప్పటికింకా ఆ పాత బస్సుల్లోనే తిరిగేవారన్నది మరిచిపోకూడదు.

నేను 2009లో కొన్ని రోజులు అక్కడ ఉన్నాను. ఒక పొద్దున ఆరున్నరకు పోర్తాల్ దె సూబాలో నిలబడ్డాను. ఆకుపచ్చ బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి జనాన్ని దింపుతున్నాయి. ప్లాట్‌ఫాం మీద తలుపు ఎక్కడ ఆగుతుందో ఆ చోట జనం ముందే గుంపుగా నిలబడ్డారు. ఎర్రబస్సు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. ఒక్కరూ దిగలేదు, అది మొదటి స్టేషనే కదా. నాలుగు తలుపుల్లోంచి క్షణాల్లో నిండిపోయింది. నా ముందు నిలబడిన అమ్మాయి బ్యాగును వీపు మీంచి తీసి గుండెకు హత్తుకుంది. మొదటి బస్సు వదిలింది. రెండోదీ వదిలింది. మూడోదాన్లో ఒక కాలు పెట్టి, లోపలివాళ్ళ వీపులను తోసి, తలుపు తన వెనక మూసుకునేలా ముడుచుకుంది. గాజు అవతల ఆమె ముఖం పక్కకు తిరిగి ఉంది, తిప్పుకోవడానికి చోటు లేదు.

అంత బాగా అనుకున్న వ్యవస్థ ఎందుకు ఇలా కిక్కిరిసింది? అందరూ చెప్పే జవాబు, జనం పెరిగారు అని. నిజమే, అది సగం నిజం. మిగతా సగం మళ్ళీ డబ్బు దారిలోనే ఉంది. బొగొటా ఒక విషయం చాలా గర్వంగా చెప్పుకునేది. బస్సులు నడపడానికి సబ్సిడీ లేదు, టికెట్ డబ్బే మొత్తం ఖర్చు భరిస్తుంది అని. దారి కట్టడానికి ప్రభుత్వం డబ్బు, నడపడానికి మాత్రం టికెట్ డబ్బు. ఇప్పుడు లెక్క వేయండి. బస్సు నడిపేవాడికి కిలోమీటరుకు ఇంత ఇవ్వాలి. చేతిలో ఉన్నది టికెట్ డబ్బు. ఇంకో బస్సు వేస్తే కిలోమీటర్లు పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది, టికెట్ డబ్బు మాత్రం అంతే. ఖాతా సరిపోవాలంటే ఒకే దారి. ప్రతి కిలోమీటరుకు ఎక్కువ మంది మనుషులు. అంటే ప్రతి బస్సులో ఎక్కువ మంది. డ్రైవర్ నిండేదాకా ఆగడం మానేశాడు, కానీ ఆ పని ఇప్పుడు టైమ్‌టేబుల్ చేస్తోంది. బస్సుల మధ్య ఎడం పెంచి, నిండేదాకా ఆపేది కాగితం. చిల్లర యుద్ధం రోడ్డు మీద ఆగింది గానీ, ఆ లెక్క ఆఫీసులో మిగిలిపోయింది.

అమ్మాయి గుండెకు హత్తుకున్న ఆ బ్యాగు నాకు మరపు రాలేదు. చాలామంది స్త్రీలకు ఆ కిక్కిరిసిన బస్సు రోజూ ఒక భయం. చదరపు మీటరుకు ఆరేడుగురు నిలబడేట్టు డిజైన్ చేసిన బస్సులో ఎవరి చెయ్యి ఎక్కడ ఉందో ఎవరు చెబుతారు? అంకె వేసిన ఇంజనీర్లు, నాలాంటివాళ్ళు, ఆ ఆరేడుగురిలో ఆడవాళ్ళున్నారని ఆలోచించలేదు. 2014లో థామ్సన్ రాయిటర్స్ ఫౌండేషన్ ప్రపంచంలో పదహారు పెద్ద నగరాల్లో అడిగించినప్పుడు, స్త్రీలకు బస్సూ రైలూ అతి ప్రమాదకరమైన నగరంగా బొగొటా తేలింది. మా వృత్తివాళ్ళం తల వంచుకోవలసిన సంగతి అది.

ఇంకో కారణం, దారి పెరగడం ఆగిపోవడం. మొదట్లో వేసిన ప్రణాళికలో 2016 నాటికి 388 కిలోమీటర్లు రావాలి. 2006లో 84 దగ్గర ఆగింది. తర్వాత ఆరేళ్ళు ఒక్క కొత్త పెద్ద రోడ్డూ తెరవలేదు. 2007 ఎన్నికల్లో పెన్యలోసా మళ్ళీ పోటీ చేసి ఓడిపోయాడు. గెలిచిన సాముయెల్ మొరేనో ఇచ్చిన మాట మెట్రో. మెట్రో రాలేదు. కాయె 26 రోడ్డు మీద మూడో దశ పనులు మొదలై, ఊరి మధ్య గుంతలుగా మిగిలిపోయాయి. 2010లో ఆ కాంట్రాక్టుల్లో లంచాల సంగతి బయటపడింది. కాంట్రాక్టుల రంగులరాట్నం అని అక్కడి పత్రికలు పేరు పెట్టాయి. 2011లో మేయర్‌ను సస్పెండ్ చేశారు, తర్వాత జైలు శిక్ష కూడా పడింది. ఆ ఏళ్ళన్నీ జనం పెరుగుతూనే ఉన్నారు, ఉన్న 84 కిలోమీటర్లలోనే కుక్కుకుంటూ ఉన్నారు.

2012 మార్చి 9న జనం ఓపిక తెగింది. నిరసనకారులు, ఎక్కువగా చదువుకునే పిల్లలు, రద్దీ మీద, ఛార్జీల మీద రోడ్డెక్కారు. కరాకాస్ మీద స్టేషన్లు ధ్వంసమయ్యాయి. పన్నెండేళ్ళ కింద చుట్టాలను తీసుకెళ్ళి చూపించిన గాజు తలుపులు ముక్కలై ప్లాట్‌ఫాం నిండా పడి ఉన్నాయి. స్టేషన్ పగలగొట్టడం తప్పు, అందులో సందేహం లేదు. కానీ ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది. ఆ అమ్మాయి లాంటి వాళ్ళు లక్షల్లో, రోజుకు రెండుసార్లు, ఏళ్ళ తరబడి గాజుకు ముఖం అంటించుకుని ప్రయాణం చేశారు.

ఆ ఏడాది జూన్‌లోనే కాయె 26 దారి తెరుచుకుంది. సెప్టెంబర్ చివర్లో మిగతా పాత బస్సులను కూడా ఒకే టికెట్ కిందకు తెచ్చే పని మొదలైంది. పన్నెండేళ్ళ కింద చేయాల్సిన పని అని కొందరన్నారు. నేను ఒప్పుకోను. చిలీలో శాంతియాగో నగరం 2007 ఫిబ్రవరి 10న ఊరి బస్సులన్నింటినీ ఒక్క రోజులో మార్చేసింది. పాత రూట్లు పోయాయి, కొత్త బస్సులు చాల్లేదు, జనం గంటల తరబడి స్టాపుల్లో నిలబడ్డారు, దేశాధ్యక్షురాలు ప్రజలకు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. బొగొటా ఒక్కొక్క రోడ్డు తీసుకుని మార్చడం సరైన పనే. ఒక్కొక్క రోడ్డు అని మొదలుపెట్టి ఆరేళ్ళు ఆగడమే తప్పు.

జకార్తా 2004లో, అహ్మదాబాద్, జొహానెస్‌బర్గ్ 2009లో, గ్వాంగ్‌జౌ 2010లో ఇలాంటి దారులు వేశాయి. వాళ్ళలో చాలామంది బొగొటా వెళ్ళి చూసి వచ్చినవాళ్ళే. ఎవరైనా అక్కడికి వెళుతుంటే నేను ఒక సలహా ఇస్తాను. పొద్దున రద్దీలో స్టేషన్ చూడండి, అది తప్పదు. కానీ రాత్రి కూడా వెళ్ళండి.

నేను తిరిగి వచ్చే ముందు రోజు రాత్రి పదిన్నరకు కరాకాస్ మీద ఒక స్టేషన్‌లో ఉన్నాను. చలి. ప్లాట్‌ఫాం మీద నాతో కలిపి నలుగురం. ఎర్రబస్సు వచ్చి ఆగింది, తలుపులు నాలుగూ తెరుచుకున్నాయి. ఎక్కాం. 160 మంది పట్టే బస్సులో పదిహేను మంది కూడా లేరు. అంత రాత్రప్పుడు, అదే రోడ్డు మీద, పాత రోజుల్లో అయితే ఆ బస్సు కదిలేది కాదు. ఇంకో పదిమంది దొరికేదాకా మూల మీద ఇంజన్ ఆన్‌లోనే పెట్టుకుని, డ్రైవర్ తల బయట పెట్టి కేకలేస్తూ ఉండేవాడు. ఈ డ్రైవర్ అద్దంలో ఒకసారి వెనక్కి చూశాడు, ఎవరైనా పరుగెత్తుకొస్తున్నారేమో అని. ఎవరూ లేరు. తలుపులు మూసి బయల్దేరాడు.